హద్దు మీద కట్టిన ఇల్లు

జిల్లా పాత రైతుల సంఘం వాళ్లు నాకొక కాగితం పంపించారు. మొదటి రోజుల్లో వచ్చి ఈ నేల దున్నినవాళ్ల వివరాలన్నీ ఒక పుస్తకంగా వేస్తారట. మా బావ ఓరిన్ బెక్‌విత్ గురించి నన్ను రాసిమ్మన్నారు. పుట్టిన ఊరు, వచ్చిన ఏడు, ఎకరాలెన్ని, పశువులెన్ని, పిల్లలెందరు, ఏ చర్చి అని గళ్లు గీసి ఉన్నాయి. అవి నింపడానికి నాకు పావుగంట పట్టింది. నింపి చూసుకుంటే అందులో మా బావ లేడు. ఒహాయోలో పుట్టి నెబ్రాస్కాలో కన్నుమూసిన ఎవరో పెద్దమనిషి ఉన్నాడు. అందుకని ఇంకో నాలుగు కాగితాలు తీసుకుని నా ఇష్టం వచ్చినట్టు రాస్తున్నాను. నచ్చితే వేసుకుంటారు, లేకపోతే పొయ్యిలో పెట్టుకుంటారు.

మా బావకు అబద్ధం ఆడడం చేతకాదు. ఇది పొగడ్త అని మీరు అనుకోవచ్చు. ఆయనతో ఐదేళ్లు ఒకే కప్పు కింద ఉండి చూస్తే తెలుస్తుంది. ఎద్దును అమ్మకానికి పెట్టి, కొనడానికి వచ్చినవాడితో "దీనికి ఎడమ కన్ను సరిగా ఆనదు, పైగా మధ్యాహ్నం దాటితే బద్ధకం" అని తనే చెప్పేవాడు. ఒకసారి అక్క కొత్త టోపీ కుట్టుకుని, ఎలా ఉందని అడిగింది. ఆయన కాసేపు పరకాయించి చూసి "టోపీ బాగుంది" అన్నాడు.

"నాకెలా ఉందని అడిగాను."

"టోపీ బాగుంది, లవీనా" అన్నాడు మళ్లీ.

అక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన సంగతేమిటో తెలియక నన్ను పక్కకు పిలిచి, "టోపీ బాగుందనే చెప్పాను కదా?" అని అడిగాడు. అలాంటి ముక్కుసూటి మనిషి నాకు తెలిసి జన్మలో ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. అదీ ప్రభుత్వం వారి కచేరీలో, బైబిల్ మీద చెయ్యి వేసి ఆడాడు. నేను రాయదలచుకున్నది దాని గురించే.

ఓరిన్ ఒహాయో కొండల్లో రాళ్ల చేల మధ్య ఏడో కొడుకుగా పుట్టాడు. తండ్రి పొలం పెద్ద కొడుకులకే చాలలేదు. పద్దెనిమిదో ఏట యుద్ధానికి వెళ్లి ఎడమచేతి వేళ్లు రెండు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. మా అక్క లవీనాను పెళ్లి చేసుకుని ఆరేళ్లు ఒకళ్ల పొలం కౌలుకు చేశాడు. పండినదాంట్లో సగం వాళ్లది, ఎండినప్పుడు మాత్రం నష్టమంతా ఈయనది. ఆ ఆరేళ్లూ ఆయన విసుక్కోలేదని అక్క అంటుంది. విసుక్కోవడం కూడా తెలియదేమో అని నా అనుమానం.

మా అమ్మా నాన్నా ఒకే చలికాలంలో పోయారు. నేను బడిలో పాఠాలు చెబుతూ మా అన్న ఇంట్లో ఉండేదాన్ని. వదిన చెడ్డ మనిషి కాదు. కానీ ఆవిడ వంటింట్లో నేను ఏ గిన్నె ముట్టుకున్నా అది ఇంకెక్కడో ఉండాల్సిన గిన్నె అయి కూర్చునేది. అక్కా బావా పడమటికి వెళ్లిపోతున్నామని చెప్పడానికి వచ్చిన రోజు, నేను మా వదిన ఎదుట నిలబడి తిట్లు తింటున్నాను. బావ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"బండిలో ఇంకొకళ్లకి చోటుంది, మరదలా. బట్టలు సర్దుకో" అన్నాడు.

"చోటెక్కడుంది, నా మొహం. ఇనప పొయ్యి ఎక్కడ పెడతావు?" అంది అక్క.

"పొయ్యిని వెనక వేలాడగడతాను. పొయ్యికి కాళ్లు నొప్పెట్టవు కదా."

అది ఆయన వేళాకోళంగా అనలేదు, నిజంగానే ఆలోచించి చెప్పాడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆ బండి ఎక్కినందుకు ఈరోజు వరకూ దేవుడికి దండం పెట్టని రోజు లేదు.

నెబ్రాస్కాలో ప్రభుత్వం ఒక్కొక్కరికి నూట అరవై ఎకరాలు ఇచ్చేది. ఐదేళ్లు ఆ నేల మీదే కాపురం ఉండాలి, దున్నాలి, సాక్షుల్ని తీసుకెళ్లి రుజువు చేసుకోవాలి. అప్పుడు పట్టా ఇస్తారు. ఇరవై ఒకటి నిండిన పెళ్లికాని ఆడది కూడా తన పేరున రాయించుకోవచ్చు. బావ నా పేరున పక్క భూమి రాయిస్తుంటే కచేరీ ముందు వరసలో నిలబడ్డ ఒకాయన కన్ను గీటి, "తెలివైనవాడివయ్యా, పేరు మరదలిది, పొలం నీది" అన్నాడు. బావకు ఆ మాట అర్థం కాలేదు. "ఆమె పేరున రాయిస్తే ఆమెదే అవుతుంది కదండీ" అన్నాడు. ఆ పెద్దమనిషి తల తిప్పుకుని వరసలో ముందుకు జరిగాడు.

ఇక్కడ ఒక పద్ధతి ఉండేది. అక్కాచెల్లెళ్లో అన్నదమ్ములో పక్కపక్కన భూములు తీసుకుంటే, రెండిళ్లు కట్టే బదులు హద్దు మీద ఒకటే పొడుగాటి ఇల్లు కట్టుకునేవాళ్లు. సగం ఇటు నేల మీద, సగం అటు నేల మీద. ఎవరి మంచం వాళ్ల నేల మీద వేసుకుంటే చాలు, ఎవరి భూమిలో వాళ్లు కాపురం ఉన్నట్టే. ప్రభుత్వం కూడా ఒప్పుకునేది. మేమూ అలాగే అనుకున్నాం. అయితే హద్దు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. మనిషి ఎత్తు గడ్డిలో సర్వే వాళ్లు పాతిన రాయి ఒక్కటే దొరికింది, నా భూమికి తూర్పు మూలన. అక్కడి నుంచి తిన్నగా పడమరకు అర మైలు వెళితే నా భూమి అయిపోయి బావది మొదలవుతుంది.

నేల కొలిచే గొలుసులు ఎవరి దగ్గరా ఉండేవి కావు. బండి వెనక చక్రానికి గుడ్డ పీలిక కట్టి, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టేవాళ్లు. మా చక్రం ఒక చుట్టు తిరిగితే పద్నాలుగు అడుగులు. అర మైలుకు నూట ఎనభై ఎనిమిది చుట్లు, పైన ఒక సగం.

"చదువుకున్నదానివి, లెక్క నువ్వు పెట్టు" అన్నాడు బావ. తను దిక్సూచి పట్టుకుని ఎద్దుల ముందు నడిచాడు. అక్కకు ఎనిమిదో నెల. రాయి దగ్గర పెట్టె మీద కూర్చుంది. నేను బండి అంచు మీద నుంచి వంగి, ఎర్ర పీలిక పైకి వచ్చినప్పుడల్లా గట్టిగా లెక్కపెడుతున్నాను. నాకదేదో పెద్ద ఉద్యోగం ఇచ్చినట్టుంది.

నూట పన్నెండు దగ్గర ఎద్దుల కాళ్ల కింద నుంచి గడ్డిలో తిరిగే అడవికోళ్ల గుంపొకటి బుర్రుమని లేచింది. కుడి ఎద్దు బెదిరి పక్కకు లాగింది. బండి ఊగింది. బావ నా వైపు వీపు పెట్టి, రెండు చేతులతో కాడి పట్టుకుని, దాని మెడ మీద మొహం ఆనించి సముదాయిస్తూ నడిపించాడు. నేను కోళ్లనే చూస్తూ ఉండిపోయాను. అన్ని పిట్టలు ఒకేసారి ఎగరడం నేనెప్పుడూ చూడలేదు. తిరిగి చక్రం వైపు చూసేసరికి పీలిక ఎన్ని చుట్లు తిరిగిందో తెలియదు. నాలుగా, పద్నాలుగా? ఆగమంటే, టీచరమ్మకు లెక్క రాదని నవ్వుతారు. "నూట ఇరవై ఏడు" అని ధైర్యంగా అరిచి, అక్కడి నుంచి వరసగా పెట్టుకుంటూ పోయాను.

నూట ఎనభై ఎనిమిదిన్నర దగ్గర బావ మేకు కొట్టాడు. దాని మీద ఇల్లు కట్టాం.

ఇల్లంటే కొయ్యా రాయీ కాదు. గడ్డి వేళ్లతో సహా నేలను నాగలితో పొడుగ్గా చీల్చి, ఆ పెళ్లల్ని ఇటుకల్లా పేర్చిన ఇల్లు. వానాకాలం కప్పు మూడు రోజులు కారేది, వాన వెలిశాక ఇంకో రెండు రోజులు కారేది. బావ నేల మీద గుమ్మం నుంచి వెనక గోడ దాకా పారతో ఒక గీత గీశాడు. గీతకు తూర్పు నాది, పడమర వాళ్లది. పొయ్యి వాళ్ల వైపు ఉండేది. నేను పళ్లెం పట్టుకుని గీత దాటితే "ఏమమ్మా, మా దేశం వచ్చావు, చుట్టరికానికా?" అనేది అక్క. "మీ దేశంలో రొట్టె మాడిందని వాసన వస్తేను" అనేదాన్ని. నెల తిరిగాక మెర్సీ ఆ ఇంట్లోనే పుట్టింది. అడవిదున్న పిడకల మీద నీళ్లు కాచి, దానికి మొదటి స్నానం నేను చేయించాను.

ఐదేళ్లు గడిచాయి. మిడతలు వచ్చిన ఏడు మొక్కజొన్న మొదలంటా తినేసి, పార కర్ర కూడా కొరికేశాయి. చాలామంది బండ్లు తూర్పుకు తిప్పుకుని వెళ్లిపోయారు. బావ మిగిలిన చేను చూసి "టర్నిప్‌లు భూమిలోపల కదా, ఉంటాయేమో" అని తవ్వి చూశాడు. గుంటలు మాత్రమే ఉన్నాయి. "లేవు" అని చెప్పి, పార కడుక్కుని లోపలికి వచ్చాడు. ఆ చలికాలమంతా మొక్కజొన్న గంజి, వేయించిన బార్లీతో కాచిన కాఫీ, ఎవరో చర్చివాళ్లు పంపిన పాత కోట్లు. అయినా వసంతం రాగానే నాగలి కట్టాడు. ప్రతి ఏడూ ఆయన మొదటి చాలు నా నేలలోనే వేసేవాడు. నాది పూర్తయ్యాకే తన భూమి దున్నుకునేవాడు. ఒక్క ఏడు కూడా దీన్ని మార్చలేదు, ఒక్కసారి కూడా దాని గురించి మాట్లాడలేదు.

ఆ చుట్ల సంగతి నేను మరిచిపోలేదు. ఎప్పుడైనా గుర్తొస్తే, నాలుగు చుట్లో అయిదు చుట్లో అటూ ఇటూ అయితే ఏం కొంప మునిగింది అని సర్దిచెప్పుకునేదాన్ని. నిజంగా కొంపే మునుగుతుందని నాకేం తెలుసు?

రుజువు రోజు ఖాయమైంది. మా పేర్లూ సాక్షుల పేర్లూ పత్రికలో పడ్డాయి. ఇంకా మూడు వారాలున్నాయనగా జిల్లా సర్వేయరు బాట వేయడానికి గొలుసు పట్టుకుని వచ్చాడు. తూర్పు మూల రాయి దగ్గర మొదలుపెట్టి కొలుచుకుంటూ వచ్చి, మా ఇంటి ముందు నుంచి వెళ్లిపోయి, మొక్కజొన్న చేలో దిగి, అక్కడ గుంజ పాతాడు. బావ ఇంటి దగ్గర నుంచి గుంజ దాకా అంగలు వేసుకుంటూ వెళ్లాడు. యాభై అయిదు.

ఇల్లు మొత్తం నా నేల మీద ఉంది. ఐదేళ్లలో మా బావ తన భూమి మీద ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

సాక్షిగా రావలసిన పక్క రైతు హాల్వోర్ సంగతి విని పరిగెత్తుకొచ్చాడు. అతను నార్వే నుంచి వచ్చిన మనిషి, ఓడల్లో పనిచేసినవాడు, గొంతు ఎప్పుడూ తుఫానులో ఉన్నట్టే ఉంటుంది.

"ఇదీ ఒక కష్టమేనటయ్యా. గుంజ అవతల బండి తొట్టి ఒకటి దింపు. ఒక్క రాత్రి పడుకో. అదే ఇల్లని ప్రమాణం చెయ్యి. జిల్లాలో సగం పట్టాలు అలా వచ్చినవే."

"ఒక్క రాత్రి పడుకుని ఐదేళ్లు పడుకున్నానని ఎలా చెప్తాను?"

"ఐదేళ్లని నిన్ను ఎవరడిగారయ్యా?"

"వాళ్లే అడుగుతారు. వాళ్ల కాగితంలో అది మూడో ప్రశ్న."

హాల్వోర్ నా వైపు తిరిగి, "ఏం టీచరమ్మా, మీ బావను ఎక్కడ తయారుచేశారు?" అన్నాడు. మామూలుగా అయితే నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్నే. ఆ రోజు మాత్రం బిందె తీసుకుని నీళ్లకు వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున నుంచి బావ బండి చక్రం ఊడదీసి తాడుతో కొలవడం మొదలుపెట్టాడు. తనే కొలత తప్పానని ఆయన అనుమానం. కొలిచాడు, మళ్లీ కొలిచాడు. ఇనప పట్టీ మార్పించానా అని గుర్తు తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం అక్క భోజనానికి పిలిస్తే వినబడలేదు. రెండో రోజూ అంతే. తల వంచుకుని చక్రం చుట్టూ తాడు పట్టుకుని తిరుగుతున్న ఆ మనిషిని చూస్తుంటే ఇక దాచలేకపోయాను. వెళ్లి పక్కన కూర్చుని కోళ్ల సంగతి మొత్తం చెప్పేశాను.

ఆయన తాడు కింద పెట్టాడు.

"అంటే చక్రం కొలత సరిగ్గానే ఉందన్నమాట" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆయన మొహంలో కొంచెం ఊరట కూడా కనబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనవలసినవన్నీ అక్క అంది.

"ఐదేళ్లు ఎలా దాచావే, రాక్షసీ? నోట్లో నువ్వుగింజ నానదు కదా నీకు, ఇదొక్కటీ ఎలా నానింది?" అని తిట్టి, ఏడ్చి, చివరికి నా చెయ్యి పట్టుకుని, "అక్కడ మాత్రం నోరు విప్పకు. చక్రం తప్పని చెప్పుకుందాం. నీ పట్టా కూడా పోగొట్టుకోకు" అంది.

"చక్రం తప్పు కాదు, లవీనా" అన్నాడు బావ.

"నువ్వు ఊరుకో."

భూముల కచేరీ నలభై మైళ్ల దూరంలో ఉన్న పట్నంలో ఉంది. బల్ల వెనక అధికారి సన్నగా, కళ్లజోడుతో, పళ్లు నొప్పిగా ఉన్నవాడిలా ఉన్నాడు. గదినిండా పట్టాల కోసం వచ్చిన రైతులు. బావ చెయ్యి బైబిల్ మీద పెట్టి, అడక్కముందే ఇల్లు తన భూమి మీద లేదని చెప్పేశాడు. అధికారి కలం ఆపాడు.

"ఎలా జరిగింది?"

"చుట్ల లెక్క తప్పిందండీ."

"లెక్క ఎవరు పెట్టారు?"

బావకు అబద్ధం చేతకాదు, నిజం చెప్పడానికి మనసొప్పలేదు. టోపీ పట్టుకుని నిలబడ్డాడు. నేను లేచాను. అక్క నా గౌను పట్టి లాగుతున్నా లేచాను.

"నేను పెట్టానండీ. మధ్యలో మరిచిపోయి, తోచిన అంకె చెప్పాను. ఆయనకు తెలియదు."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఆ రోజు నుంచీ తెలుసు. ఎంత తప్పో తెలియదు."

అధికారి నా కాగితాలు కూడా ముందుకు లాక్కున్నాడు. నా రుజువు కూడా ఆ రోజే. "బాగుందమ్మా. లెక్క నువ్వు పెట్టావు, ఇల్లు నీ నేల మీదకు వచ్చింది. ఐదేళ్లు ఈయన చేత ఆ ఇంట్లో చాకిరీ చేయించుకున్నావు. ఇప్పుడు ఈయన భూమి పోతే, పక్కనే ఉన్నావు, ఎవరో ఒకళ్లని పెట్టి అదీ రాయించుకుంటావు. దీన్ని పొరపాటు అనరు. మోసం అంటారు. ఇలా రాసి పైకి పంపిస్తే నీ పట్టా ఆగుతుంది. కోర్టుకు కూడా వెళ్లాల్సి వస్తుంది."

గదిలో అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. వెనక ఎవరో ఛీ అన్నారు. నేను నిజం చెబితే నాకు సిగ్గు మాత్రమే మిగులుతుందని అనుకుని వచ్చాను, దొంగనవుతానని అనుకోలేదు.

"నాకూ తెలుసండీ" అన్నాడు బావ.

ఆయన చెయ్యి ఇంకా పుస్తకం మీదే ఉంది.

"ఏం తెలుసు?"

"ఆమె లెక్క తప్పిందని. కోళ్లు లేచినప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె పెదాలు ఆగిపోయాయి. మళ్లీ మొదటి నుంచి కొలవాలి, నాకు తెలుసు. మా ఆవిడకు నెలలు, ఎండలో కూర్చుని ఉంది. పోనీలే అనుకుని ముందుకు నడిచాను. తప్పు ఆమెదైతే నాదీ అంతే."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఆ రోజు ఎద్దు మెడ మీద మొహం ఆనించిన మనిషి వెనక్కి చూడనే లేదు. ఆ వీపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

"నువ్వన్నది నేను రాసుకుంటే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు అధికారి. "తెలియక తప్పు చోట కట్టినవాడికి సందు ఉంది. తెలిసి కట్టినవాడికి లేదు. నీ భూమి పోతుంది."

"తెలుసండీ."

"రాయమంటావా?"

"రాయండి."

అప్పటికి హాల్వోర్ ఓపిక అయిపోయింది. "అయ్యగారూ, నేను సాక్షిని, నన్ను అడగరేం?" అని ఆ తుఫాను గొంతుతో ముందుకు వచ్చాడు. "ఐదేళ్లుగా చూస్తున్నాను. ఈయన ప్రతి వసంతంలో ముందు ఆమె నేల దున్ని తర్వాత తనది దున్నుతాడు. ఒక ఏడు వాన ముందు వచ్చేసి, ఈయన చేను సగం బీడు పడింది. ఆమెది పడలేదు. ఈ అమ్మాయి చలికాలం బడిలో పాఠాలు చెప్పి, వచ్చిన జీతంతో ఈయన పిల్లకి బూట్లు కొంటుంది. వీళ్లు ఒకళ్లనొకళ్లు మోసం చేసుకుంటున్నారని రాయండి మరి. నా సంతకం మాత్రం అడగొద్దు."

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎనిమిదేళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నా" అన్నాడు. "భూమి రావడానికి అబద్ధం చెప్పినవాళ్లని రోజూ చూస్తాను. భూమి పోగొట్టుకోవడానికి ఇద్దరు పోటీ పడడం ఇవాళే చూస్తున్నా." కలం ముంచి రాశాడు. తలకిందులుగా ఉన్నా నేను చదివాను. కొలతలో పొరపాటు, దురుద్దేశం లేదు. "నలభై రోజుల్లో నీ నేల మీద ఇల్లు కట్టుకుని, అందులో కాపురం పెట్టి, సాక్షులతో రా. ఆమె కాగితాలు సరిగ్గా ఉన్నాయి. అమ్మా, కూర్చో, పడిపోయేట్టున్నావు."

నిజంగానే కూర్చున్నాను. అక్క నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

ఆ శనివారం హాల్వోర్, బొహీమియా దేశం నుంచి వచ్చిన ఇద్దరన్నదమ్ములు, ఇంకో మూడు కుటుంబాలు నాగళ్లు తోలుకుని వచ్చారు. మగవాళ్లు పెళ్లలు కోసి పేరుస్తుంటే మేము ఆడవాళ్లం చిక్కుళ్లలో ఉప్పు మాంసం వేసి ఉడికించాం, మొక్కజొన్న రొట్టెలు కాల్చాం. ఒకామె అడవి రేగుపళ్ల పాకం జాడీ తెచ్చి మారు మాట్లాడకుండా బల్ల మీద పెట్టింది. వాళ్లకు పంట కోతలున్నాయి, ఎవరి ఇళ్లల్లో వాళ్లకు పనులున్నాయి. రెండు రోజులు ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. వాళ్ల పేర్లన్నీ విడిగా ఒక కాగితం మీద రాసి జతచేస్తున్నాను, సంఘం వాళ్లు దయచేసి అది మాత్రం వదిలెయ్యొద్దు.

బావకు నూట అరవై ఎకరాల్లో ఎక్కడైనా ఇల్లు కట్టుకునే వీలుంది. వాగు పక్కన మంచి మిట్ట ఉంది, నీళ్లు దగ్గర. ఆయన అంతదూరం పోలేదు. గుంజకు అటు పక్క, తన నేలలోనే, హద్దుకు ఎంత దగ్గరగా చట్టం ఒప్పుకుంటుందో అంత దగ్గరగా తాళ్లు కట్టాడు. గుమ్మం తూర్పుకు పెట్టించాడు. "గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి" అన్నాడు, ఎవరూ అడక్కముందే. పొద్దున నేను తలుపు తీస్తే అక్క తలుపు ఎదురుగా కనబడేది. పొగ గొట్టంలో పొగ రాకపోతే ఆవిడ అక్కడి నుంచే కేకలేసేది.

పట్టాలు వచ్చాయి. తర్వాత హాల్వోర్‌ను నేను పెళ్లి చేసుకున్నాను. "లెక్కలు నేను చూసుకుంటాను, నువ్వు కోళ్లు చూసుకో" అని అతను ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాడు. మెర్సీ తర్వాత బావకు ఇంకో నలుగురు పుట్టారు. కొయ్య ఇల్లు వచ్చింది, ఆపిల్ తోట వచ్చింది. ఎవరు కొత్తగా వచ్చినా మొదటి వసంతం బావ నాగలి వాళ్ల పొలంలో ఉండేది. కచేరీలో ఆయన అన్న మాట గురించి మాత్రం ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎలా ఎత్తాలో నాకు తెలియలేదు. కృతజ్ఞత అనే మాట చదువుకున్నంత తేలిక కాదు, ఎదురుగా నిలబడి చెప్పడం.

పోయిన మార్చిలో ఆయన ఛాతీ జబ్బుతో మంచం పట్టి మళ్లీ లేవలేదు. ఒక మధ్యాహ్నం అక్క పశువుల దగ్గరికి వెళ్లింది. నేను మంచం పక్కన విత్తనపు కంకులు ఒలుస్తున్నాను. ఇప్పుడు అడక్కపోతే ఇక అడగలేనని అనిపించింది.

"బావా, ఆ రోజు నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు కదా."

"లేదు" అన్నాడు వెంటనే. ఏ రోజు అని అడగలేదు.

"మరి చూశానని ఎందుకు చెప్పావు? పొలం మొత్తం పోయేది. భార్యాబిడ్డతో ఎక్కడికి వెళ్లేవాడివి?"

ఆయన కప్పు వైపు చూస్తూ ఆలోచించాడు. అబద్ధం రాకుండా సరైన మాట కోసం వెతుక్కుంటున్నాడని నాకు తెలుసు.

"అంతమందిలో ఒక్కదానివే నిలబడి ఉన్నావు కదే" అన్నాడు. "నీ పక్కన నిలబడడానికి ఇంకో దారి తోచలేదు."

ఆ రోజు ఎలాగో ఏడుపు ఆపుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, ముప్పై ఏళ్లుగా చెప్పలేకపోయిన మాట చెప్పాను. ఆయన సిగ్గుపడి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చెప్పగలిగినందుకు ఇప్పుడు ఎంతో హాయిగా ఉంది.